దుమ్ము కింద రంగు

ఆదివారం పొద్దున గుణశేఖర్ ఆ మాట అనేటప్పటికి దామోదరం చేతిలో టీ గ్లాసు ఉంది. ఆ టీ చల్లారి, మీగడ కట్టి, ఒక ఈగ అందులోకి దిగి, ఈతకొట్టి, ఒళ్ళు దులుపుకుని లేచిపోయేదాకా ఆయన గ్లాసును నోటి దగ్గరకు తీసుకుపోలేదు.

"అన్నా, నువ్వేమీ అనుకోకపోతే ఒక మాట. శనివారం చిత్తూరు ఎగ్జిబిషన్లో నీ గాజుపెట్టె డాక్టరమ్మ ట్యాంకుకు ఇస్తే బాగుంటాదని అందరం అనుకుంటా ఉండాము."

అందరం అంటే ఆ గదిలో ఉన్న అరడజను మంది. తిరుపతి రైల్వేస్టేషన్ ఎదురుసందులో ఒక టిఫిన్ హోటలు మిద్దె మీద ఆ గది. ఆదివారాలు అక్కడ యుద్ధ ట్యాంకుల బొమ్మలు చేసేవాళ్ళు కూడతారు. డబ్బాల్లో వచ్చే ప్లాస్టిక్ ముక్కలు కత్తిరించి, గీకి, అతికించి, రంగులేసి, అసలు ట్యాంకును రెండు అరచేతుల్లో పట్టేటట్టు కుదించి కూర్చోబెడతారు. గుణశేఖర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాడు. కుప్పయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. దామోదరానికి స్టేషన్ దగ్గరే దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే అంగడి. ఈ ముచ్చట మొదలుపెట్టింది ఆయనే, ఆ గదిలో నియమాలు పెట్టింది కూడా ఆయనే. అందులో మొదటిది, ఎవరి ట్యాంకును చూడాలన్నా చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూడాలి. వేలు తగలకూడదు. తగిలితే ఆ వేలి యజమాని ఆరోజు అందరికీ వడలు తెప్పించాలి.

గాజుపెట్టె కూడా ఆయన చేతిపనే. టేకు అంచు, నాలుగు మూలలూ వెంట్రుక దూరనంత కలిసి ఉంటాయి. ఏటా ఎగ్జిబిషన్లో హాలు నడుమ బల్ల మీద ఆ పెట్టె, పెట్టెలో దామోదరం ట్యాంకు. ఆయన రంగు సంగతి చెప్పాలంటే, ఒక్క మరక ఉండదు, ఒక్క చార ఉండదు, పైన వార్నిషు తళతళ. పోయిన ఎండాకాలం ఒక బల్లి ఆ ట్యాంకు మీద తన మొహం చూసుకుని, ఎదురుగా ఇంకో బల్లి ఉందనుకుని, తోక అక్కడే వదిలేసి పారిపోయిందని కుప్పయ్య ఇప్పటికీ చెప్తాడు. తోక తాను కళ్ళారా చూశానంటాడు.

మరి డాక్టరమ్మ ట్యాంకు? అది ఇప్పుడు బల్ల మీద ఉంది. మహిత పలమనేరులో పళ్ళ డాక్టరు. గుంపులో చేరి ఏడాది కూడా కాలేదు. ఫోన్ వస్తే మాట్లాడడానికి కిందికి దిగింది. అరడజను మంది చేతులు వెనక్కి కట్టుకుని, నేరం ఒప్పుకున్న ఖైదీల మాదిరి దాని చుట్టూ వంగి ఉన్నారు. ముందు నుంచి వెనక దాకా లేత మట్టిరంగు దుమ్ము. చక్రాల దగ్గర ముద్దకట్టిన బురద, ఎండి పగిలినట్టు. పైన మూత చుట్టూ పల్చగా, గాలికి కొట్టుకొచ్చి ఆగినట్టు. కుప్పయ్య మరీ దగ్గరికి వంగి రెండుసార్లు తుమ్మాడు.

"నిజంగానే ముక్కులోకి పోయినట్టుండాదప్పా" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

దామోదరానికి ఆ తుమ్ములు రెండూ చెంపదెబ్బల్లా తగిలాయి. ఇన్నేళ్ళలో తన ట్యాంకు చూసి ఎవడైనా ఒక్కసారి తుమ్మినాడా?

"పెట్టెదేముండాది, తీసుకోమను" అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "దుమ్ము చల్లేది ఎవురికి రాదబ్బా? నా అంగడి ముందర పొద్దన్నే లారీలొచ్చి చల్లిపోతాయి. నేను సెప్తా వినండి. దాని కింద రంగే వేసుండదు. అతుకులు, గీతలు కనపడకుండా పైన మన్ను కప్పినాది. అంతే."

"అట్లంటావా?" అన్నాడు గుణశేఖర్. ఆ అనడంలో కాస్త నమ్మకం కూడా ఉంది. రంగు విషయంలో దామోదరం చెప్తే ఆ గదిలో కాదనేవాళ్ళు లేరు.

"తుడిసి సూస్తే తెలస్తాది" అన్నాడు కుప్పయ్య.

"తుడిసేదెట్ల? చేతులు వెనక పెట్టమనింది నేనే గదా" అన్నాడు దామోదరం.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. మహిత లోపలికి వస్తూనే నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఎట్లుండాది?"

"దుమ్ము బాగుండాది" అన్నాడు దామోదరం.

ఆమె మొహం వెలిగిపోయింది. ఆయన తిట్టింది పొగడ్తయి కూర్చుంది. ఆయనకు ఇంకాస్త మండింది.

సోమవారం మధ్యాహ్నం అంగడి కట్టేసి, టిఫిన్ క్యారియర్ అడుగుగిన్నె తీసుకుని దామోదరం స్కూటరెక్కాడు. అలిపిరి పోయే దారి పక్కన, బస్సుల టైర్లు రేపి వదిలేసిన మెత్తని దుమ్ము ఎత్తి, గిన్నె నింపుకుని ఇంటికొచ్చాడు. మిద్దె మీద నీడలో పీట వేసుకున్నాడు. గాజుపెట్టెలో కూర్చోవలసిన తన ట్యాంకును ఎదురుగా పెట్టుకున్నాడు. వంటింట్లోంచి జల్లెడ తెచ్చుకుని జల్లించాడు. ఒకసారి కాదు, చెయ్యి పీకేదాకా జల్లించాడు. జిగురు నీళ్ళు పల్చగా పూసి, పైనుంచి దుమ్ము రాల్చాడు.

రాల్చి, కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

మన కంటికి మెత్తగా కనిపించే దుమ్ము, ఆ చిన్న ట్యాంకు మీద పడేసరికి దుమ్ముగా లేదు. అంత చిన్న ట్యాంకులో ఎంత చిన్న మనిషి కూర్చోవాలి! ఆ మనిషికి ఈ రేణువు ఒక్కొక్కటి గుమ్మడికాయంత. దేశంలో ఉన్న గుమ్మడికాయలన్నీ ఆ ట్యాంకు మీద కుమ్మరించినట్టు ఉంది. వార్నిషు పూస్తే అణిగిపోతుందేమోనని పూశాడు. అణగలేదు. నల్లబడి ముద్దయింది.

పంకజాక్షి ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చి వెనక నిలబడింది.

"ఏమయ్యా, ఎవురి మీద కోపంతో రాగిసంగటి పూసినావు దానికి?"

"నీకు తెలీదు, పో."

"నాకు తెలీకపోతే పోనీ. ఆ జల్లెడ నాది గదా, అదైనా తెలస్తాదా?" జల్లెడ ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది. "దేవుడి పటం మీద ఈగ వాలితే గుడ్డెత్తుకుని ఉరికే మనిషివి. ఈపొద్దు కావాలని మన్ను పోస్తా ఉండావే. ఆ పళ్ళ డాక్టరమ్మేనా?"

"పగలంతా జనం పళ్ళ మీద పాచి తీస్తాది. పొద్దుగూకితే ట్యాంకు మీద పాచి పెడతాది. దానికి నా గాజుపెట్టె!"

"అట్లయితే ఆమె దగ్గరికే పొయ్యి నేర్చుకోరాదా?"

"నేనా? ఆమె దగ్గరా?"

పంకజాక్షి నవ్వి బట్టల మూట భుజాన వేసుకుని దిగిపోయింది.

మంగళవారం ఆయన అంగడిలో ఒక పటానికి ఫ్రేము కోశాడు. పెళ్ళి ఇంటికి ఇవ్వవలసిన పటం. నాలుగు పట్టీలూ ఏటవాలుగా కోసి, జిగురు పెట్టి, మూలలు కలిపి చూస్తే ఒక మూల కలవలేదు. అగ్గిపుల్ల దూరేంత సందు. ముప్పై ఏళ్ళ కిందట, పని నేర్చుకునే రోజుల్లో తప్ప అట్లాంటి సందు ఆయన చేతి నుంచి వచ్చింది లేదు. పట్టీని విసిరికొట్టాడు. ఎదురంగడివాడు తొంగి చూశాడు. తప్పు రంపానిది అన్నట్టు దామోదరం రంపం పళ్ళు వేలితో తడిమి చూశాడు. రంపం పళ్ళు సరిగ్గానే ఉన్నాయి. కానీ పళ్ళు అనేసరికి ఆయనకు దారి దొరికింది.

బుధవారం పొద్దున్నే పలమనేరు బస్సెక్కాడు. కుడి దవడకు చెయ్యి ఆనించుకుని, ఘాటు ఎక్కేటప్పుడే మూలగడం సాధన చేసుకున్నాడు. పక్కసీటు పెద్దమనిషి జాలిపడి లవంగం ఇచ్చాడు. దామోదరం దాన్ని కూడా నమలవలసి వచ్చింది.

"అయ్యో, రాన్నా, కూసో. ఫోన్ చేసుంటే నేనే తిరుపతికి వచ్చేదాన్ని గదా" అంది మహిత. కుర్చీ వెనక్కి వాల్చింది. దీపం మొహం మీదికి లాగింది.

దామోదరం లెక్క ఏమిటంటే, ఏదో ఒక పన్ను చూపిస్తాడు, ఆమె ఏమీ లేదంటుంది, ఆ మాటా ఈ మాటా చెప్తూ దుమ్ము రహస్యం లాగేస్తాడు. ఆమె చిన్న అద్దం నోట్లో పెట్టి కుడి దవడ చూసింది. తలూపింది. ఎడమ దవడ చూసింది. ఆగింది.

"నొప్పి కుడి పక్క అనుకుంటా ఉండావు గానీ, పుచ్చింది ఎడమ పక్కన్నా. పైకి తళతళ మెరస్తా ఉండాది, లోపల గుల్ల. ఇంగ రెండు నెలలు పోయింటే పీకాల్సొచ్చేది. మంచి పని చేసినావు వచ్చి."

ఆయన లేవబోయాడు. అప్పటికే దవడలో దూది, పెదవి కింద నీళ్ళు పీల్చే గొట్టం. మర గిర్రుమంది. దామోదరం కుర్చీ చేతులు పట్టుకుని పైకప్పు చూశాడు. పైకప్పు తెల్లగా, ఒక్క మరక లేకుండా ఉంది. ఎంత బాగా వేశారో అనుకున్నాడు.

"నీకు చెప్పాలని ఆరోజే అనుకున్నా, అందరూ ఉండారని ఊరుకున్నా" అంది మహిత పని చేస్తూనే. "దుమ్ము చల్లకూడదన్నా. చల్లితే ఇసుక మాదిరి కనపడతాది. జిగురేమీ కలపని మెత్తని పొడిరంగు తీసుకోవాల, తిన్నర్లో కలిపి మజ్జిగ తేట మాదిరి చేయాల, సన్న కుంచెతో సందుల్లో వదలాల. తిన్నరు ఆరిపోతాది, దుమ్ము యాడ ఆగాల్నో ఆడ ఆగిపోతాది. నోరు ఇంకాస్త తెరువు... ఒకే రంగు కాకూడదు. చక్రం దగ్గర ముదురు, పైకి పోయే కొద్దీ లేత. గాలి యాడ కొడతాది, వాన యాడ జారతాది, అదంతా మనసులో తిప్పుకోవాల."

దాచడం లేదు. ఒక్క ముక్క దాచడం లేదు. అదే ఆయనకు తట్టుకోలేనిదిగా ఉంది. దాచి ఉంటే దొంగిలించే సుఖమైనా దక్కేది.

"చివర్లో పైపూత మాత్రం నేను కొట్టనన్నా. కొడితే దుమ్ము తడిసినట్టు నల్లబడిపోతాది. కొట్టకపోతే అసలు రంగు నిలస్తాది గానీ, వేలు తగిలితే పోతాది. నువ్వు పెట్టిన నియమం ఉండాది గదా, ఎవురూ తాకరు. ఆ ధైర్యంతోనే వదిలేసినా."

ఆయన అడగాలనుకున్నది ఒకటే. కింద రంగు వేసినావా లేదా? అడిగాడు కూడా. కానీ దూది, గొట్టం, మర దాటి బయటికి వచ్చేటప్పటికి ఆ ప్రశ్న "అఅ అఅగు ఏఏ ఆఆ?" అయింది.

"నొప్పా? అయిపోయిందన్నా, ఇంకొక్క నిమిషం" అంది మహిత ప్రేమగా.

తిరుగు బస్సులో దవడ నిజంగానే సలిపింది. సలుపు కంటే ఆమె మంచితనం ఎక్కువ సలిపింది.

శనివారం గాజుపెట్టెను ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు. గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని చిత్తూరు బస్సులో కూర్చున్నాడు. పక్కన కూర్చున్న అవ్వ గుడ్డ సందులోంచి చూసి చేతులు జోడించింది.

"దేవుడు యాడ నాయనా?"

"చిత్తూర్లో ఎక్కుతాడవ్వా" అన్నాడు దామోదరం.

ఎగ్జిబిషన్ ఒక బడి హాల్లో. ఆయన పోయేటప్పటికి బల్లలు వరసగా వేసి, తెల్లగుడ్డలు పరిచి ఉన్నాయి. గుణశేఖర్, కుప్పయ్య గేటు దగ్గర బ్యానరు కడుతున్నారు. ఆయన పెట్టె విప్పి, నడుమ బల్ల మీద పెట్టి, అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచాడు. పెట్టె మీద కోపం లేదు కదా. తన ట్యాంకును మట్టి ముద్దతో సహా ఇంట్లోనే వదిలి వచ్చాడు.

మహిత అట్టపెట్టెలోంచి తన ట్యాంకును, అది అతికి ఉన్న చెక్కపలక అంచులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి బయటికి తీసింది. బల్ల మీద పెట్టింది.

"నువ్వే లోపల పెట్టన్నా. నీ పెట్టె, నీ చెయ్యి. నేను పోయి కార్లోంచి దీపం తెస్తా."

ఆమె వెళ్ళింది. హాల్లో ఆయన, ట్యాంకు.

పక్క కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. దామోదరం చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. దుమ్ము అట్లే ఉంది. ఎంత వెతికినా ఎక్కడా తప్పు దొరకలేదు. దొరకలేదంటే తప్పు కిందే ఉందన్నమాట. ఇంత దుమ్ము ఎందుకు కప్పుతారు ఎవరైనా? అతుకు గీకడానికి ఓపిక లేనివాళ్ళు కప్పుతారు. రంగు సమంగా వేయడం రానివాళ్ళు కప్పుతారు. ఆదివారం తాను చెప్పిందే నిజం. ఒక్క వేలు వెడల్పు చూస్తే చాలు. అందరూ వస్తారు, దీపం వేస్తారు, అప్పుడు "ఇదేందమ్మా, ఈడ రంగు లేదే" అని తాను మెల్లగా, బాధపడుతూ అంటాడు.

వెనక్కి కట్టుకున్న చేతుల్లో కుడిది ఎప్పుడు విడిపోయిందో ఆయన చూడలేదు. బొటనవేలు నాలుకకు తగిలింది. తరువాత ట్యాంకు పక్కభాగానికి తగిలింది. పై నుంచి కిందికి, ఒకే ఒక్క తుడుపు.

దుమ్ము వేలికి వచ్చేసింది.

కింద రంగు ఉంది.

ఆకుపచ్చ. కానీ ఒక ఆకుపచ్చ కాదు. అంచుల్లో ఎండకు వెలిసిన పచ్చ, నడుమ ముదురు పచ్చ, రెండూ ఎక్కడ కలిశాయో తెలియనంత మెత్తగా. ఒక మరమేకు కింద నుంచి తుప్పు నీటిచార, సన్నగా, వెంట్రుక కంటే సన్నగా. తెల్లటి నంబరు, కుంచెతో రాసింది. ఆయన ఇంకా వంగాడు. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారాయి. నంబరు కింద ఇంకో నంబరు ఉంది. పాతది. దాని మీద పచ్చరంగు వేసి కప్పేశారు, కాలం గడిచి ఆ రంగు పల్చబడితే పాత అంకెలు నీడ మాదిరి బయటపడ్డట్టు. అట్లా కనిపించాలంటే ఏం చేయాలో దామోదరానికి తెలుసు. మొదట పాత నంబరు శ్రద్ధగా రాయాలి. ఆరనివ్వాలి. పైన పచ్చ వేయాలి. నీటికాగితంతో, అంటే తడిపి రుద్దే సన్న గరుకుకాగితంతో, ఊపిరి అంత తేలిగ్గా రుద్దాలి. ఎక్కువ రుద్దితే పోతుంది, తక్కువ రుద్దితే రాదు. ఆ పైన కొత్త నంబరు. ఆ పైన దుమ్ము. ఎవరికీ ఎప్పటికీ కనిపించకుండా దుమ్ము.

తన వల్ల అవుతుందా? ఆయన తనను తాను అడిగి చూసుకున్నాడు. అబద్ధం చెప్పుకోవడానికి కూడా వీలు లేకుండా జవాబు వచ్చింది.

ఇన్నాళ్ళూ దుమ్ము మీద అసూయ. దుమ్ము తనది కాదు, పోతే పోయింది. రంగు తనది. ఆమె ఆయన ఇంట్లోకే వచ్చి, ఆయన పీట మీదే కూర్చుని, ఆయన కంటే బాగా వేసి, పైన గుడ్డ కప్పినట్టు మన్ను కప్పి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయినట్టు ఉంది. దామోదరం బల్ల అంచు పట్టుకున్నాడు.

"అన్నా."

మహిత దీపం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపు చారకు పోయింది. అక్కడి నుంచి ఆయన బొటనవేలికి వచ్చింది. వేలు మట్టిరంగుగా ఉంది. దామోదరం దాన్ని దాచలేదు. దాచాలన్న ఆలోచన రాలేదు.

ఆమె దీపం బల్ల మీద పెట్టింది. తీగ చుట్ట విప్పింది, మళ్ళీ చుట్టింది. తరువాత చాలా మెల్లగా అడిగింది.

"ఎట్లుండాది?"

ఆదివారం అడిగిన ప్రశ్నే. ఈసారి దుమ్ము గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

"నంబరు కింద నంబరు..." అన్నాడు దామోదరం. "నీటికాగితమేనా?"

"నీటికాగితం గాదన్నా. చించేసిన పాత దుప్పటి ముక్క. తడిపి." ఆమె మొహంలో కోపం ఉండాల్సిన చోట ఇంకేదో పొంగుకొచ్చింది. "కనపడిందా నీకు? నిజంగా కనపడిందా?"

"కనపడకేం. కానీ ఎందుకమ్మా కప్పేసినావు?"

"కింద సరిగా లేకపోతే పైన చెయ్యి ఆడదన్నా నాకు. ఎవురికోసమో గాదు."

"మిగతాది గూడా తుడిసేద్దామా? అందరూ సూస్తారు."

ఈ మాట తన నోటి నుంచే వచ్చిందని దామోదరం ఆలస్యంగా గుర్తించాడు. మహిత నవ్వింది.

"వద్దన్నా. నువ్వు చూసినావు గదా."

ఆమె చారను సర్దలేదు. ట్యాంకును ఆయనే పలక అంచులు పట్టుకుని పెట్టెలో దించాడు. మూత మూసేలోపే గుణశేఖర్, కుప్పయ్య, మిగతావాళ్ళు లోపలికి వచ్చారు. బస్సుల అడుగున దూరి బతికిన కుప్పయ్య కన్ను నేరుగా చార మీద పడింది.

"ఏందప్పా ఇది, ఎవురో తుడిసినట్టుండాదే! దామోదరం, కింద రంగే లేదంటివి గదా ఆదివారం. మన్ను కప్పినాది అంటివి. ఇప్పుడు సూసినావా?"

దీపం తీగ గోడకు తగిలిస్తున్న మహిత చెయ్యి ఆగింది. ఆమె వెనక్కి తిరగలేదు. వీపు మాత్రం బిగుసుకుంది. ఆదివారం ఆమె కిందికి దిగినప్పుడు పైన ఏం మాట్లాడుకున్నారో ఆమెకు ఇప్పుడే తెలిసింది. బొటనవేలి తుడుపుకు రాని నొప్పి ఈ మాటకు వచ్చింది.

అందరూ దామోదరం వైపు చూశారు. రంగు లేదు, అది ప్లాస్టిక్ పచ్చే అంటే పెట్టె ఈపొద్దే వెనక్కి వస్తుంది. ఆయన మాట మీద ఎవరూ కాగితం పెట్టి రుద్ది చూడరు. ఎవరు తుడిచారో తెలియదు అంటే ఆదివారం మాట అట్లే ఉండిపోతుంది.

"నేనే తుడిసినా" అన్నాడు దామోదరం.

"నువ్వా?" అన్నాడు గుణశేఖర్. "తాకకూడదని..."

"అందరికీ వడలు తెప్పిస్తాలే." బొటనవేలు పైకెత్తి చూపించాడు. "రంగు ఉండాది. యాభై ఏళ్ళు దాటినాయి నాకు, అట్లాంటి రంగు నేను వేయలా. వేయలేను గూడా. ఆదివారం నేను సెప్పింది ఓర్వలేక సెప్పింది. ఇంగ సాలా కుప్పయ్యా, ఇంకా ఏమన్నా కావాల్నా?"

కుప్పయ్య నోరు తెరిచి మూశాడు. ఆయన నోరు అట్లా ఊరికే మూసుకోవడం డిపోలో సమ్మె జరిగిన రోజు తరువాత ఇదే మొదలు.

మహిత దీపం వేసింది. వెలుగు పెట్టె మీద పడింది. ఆమె ఆయన పక్కకు వచ్చి నిలబడలేదు, తన బల్ల వైపు వెళ్ళి అట్టపెట్టె మడుస్తూ ఉండిపోయింది. పోతూ పోతూ మాత్రం, "ఎడమ పక్క నమలొద్దన్నా, వడలైనా సరే" అంది.

పది గంటలకు జనం మొదలయ్యారు. బడిపిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, ఊరికే ఎండకు లోపలికొచ్చినవాళ్ళు. అందరూ నడుమ బల్ల దగ్గర ఆగారు. దుమ్ము చూసి అబ్బురపడేవాళ్ళ మీద దామోదరానికి ఏమీ అనిపించలేదు. అదెట్లా చేస్తారని అడిగినవాళ్ళకు మజ్జిగ తేట దగ్గర నుంచి గాలివాటం దాకా విసుక్కోకుండా చెప్పాడు, ఆ డాక్టరమ్మే చెప్పింది అని కూడా చెప్పాడు.

కానీ ఎవరైనా పక్కకు జరిగి, ఆ బొటనవేలి చార దగ్గర వంగి, కళ్ళు చిట్లించి, కాస్త ఎక్కువసేపు చూస్తే మాత్రం ఆయన కడుపులో పాత మంట భగ్గుమనేది. బ్యాంకు మనిషిలా ఉన్న ఒకాయన మరీ అద్దానికి ముక్కు ఆనించి, "నంబరు కింద ఇంకేదో ఉన్నట్టుందే" అని గొణిగాడు.

"జరగప్పా, జరుగు" అన్నాడు దామోదరం, ఆయన భుజం పట్టి మెల్లగా పక్కకు నెడుతూ. "ఎనక జనం ఉండారు."

ఆ బ్యాంకు మనిషి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.